అంగారకుడిపై అనుకున్న చోటే దిగడం ఎలా?

పిల్లలూ, 2021 ఫిబ్రవరి 18న అమెరికా పంపిన పర్సెవరెన్స్ రోవర్ అంగారకుడి మీద జెజెరో అనే చోట దిగింది. ఆ దిగే సమయంలో భూమ్మీద ఎవరి చేతిలోనూ స్టీరింగ్ లేదు. ఆ రోజు అక్కడి రేడియో సంకేతం మనకు చేరడానికి 11 నిమిషాల పైనే పట్టింది. గాలిలోకి ప్రవేశించి నేలను తాకడానికి పట్టింది మాత్రం సుమారు 7 నిమిషాలే. అంటే, "లోపలికి వెళ్లింది" అన్న కబురు మనకు అందేసరికే అది దిగిపోయి ఉండాలి, లేదా కూలిపోయి ఉండాలి!

అక్కడిదాకా దారి చూపింది మాత్రం భూమి నుంచే. గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్, కాన్‌బెర్రాల దగ్గర పెద్ద యాంటెన్నాలున్నాయి. భూమి తిరుగుతున్నా, వాటిలో ఏదో ఒకటి నౌక వైపు చూస్తూనే ఉంటుంది. పంపిన సంకేతం తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. రైలు కూత దగ్గరికొస్తుంటే ఒకలా, వెళ్లిపోతుంటే ఇంకోలా వినబడుతుంది కదా, అలాంటి మార్పే సంకేతంలో చూసి వేగం లెక్కగడతారు. దారి తప్పితే చిన్న ఇంజన్లను కాసేపు మండించి సరిచేస్తారు.

ఇక్కడే 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ దెబ్బతింది. ఆ ఇంజన్ల తోపుడు లెక్కను ఒక జట్టు పౌండ్లలో ఇచ్చింది, రెండో జట్టు న్యూటన్లనుకుంది. ఒక పౌండు బలమంటే దాదాపు 4.45 న్యూటన్లు. నౌక అంగారకుడికి మరీ దగ్గరగా పోయి నాశనమైంది. "అంకె సరిగ్గానే వచ్చింది కదా సార్, ప్రమాణం రాయలేదని మార్కు కోస్తారా?" అని అడిగే తల్లిదండ్రులు ఈ పేరా ఇంకోసారి చదవాలి.

ఇక దిగడం. 1997లో పాత్‌ఫైండర్‌కు దిగే చోటుగా గీసిన హద్దు సుమారు 200 కిలోమీటర్ల పొడవు. 2012లో క్యూరియాసిటీకి 20 కిలోమీటర్లు. పర్సెవరెన్స్‌కు 8 కిలోమీటర్ల లోపే. జెజెరోలో ఒకప్పుడు నది వచ్చి సరస్సులో కలిసేది. ప్రాచీన జీవం ఆనవాళ్లు వెతకడానికి మంచి చోటు, కానీ కొండ అంచులు, బండరాళ్లు, ఇసుక దిబ్బలు. అందుకని రోవర్ పారాచూట్ మీద వేలాడుతూనే కింది నేలను ఫొటోలు తీసి, ముందే తనలో పెట్టిన పటంతో పోల్చి చూసుకుంది. పాత పద్ధతిలో ఆ సమయానికి రెండు మూడు కిలోమీటర్ల తేడా ఉండొచ్చు. ఈ పద్ధతిని 60 మీటర్లలోపు తెలిసేలా తయారుచేశారు. ప్రమాదం లేని చోటును కూడా రోవర్ కంప్యూటరే ఎంచుకుంది.

నేలను తాకిందని కంట్రోల్ రూములో ప్రకటించింది బెంగళూరులో పుట్టిన స్వాతి మోహన్. ఆమె ఆ మాట అనేసరికి రోవర్ దిగి 11 నిమిషాలు దాటింది.