గోడ నిండా జనం

ముంబయి, కొలాబా. రీగల్ సినిమా దగ్గర టాక్సీ దిగి నాలుగడుగులు వేస్తే మాండెగార్ కేఫే. మధ్యాహ్నం రెండు దాటింది. లోపలికి అడుగుపెట్టగానే బీరు వాసన, జ్యూక్‌బాక్సు మోత, మోచేతులు రాసుకునేంత ఇరుకు. కుర్చీ ఖాళీ ఉందేమోనని చుట్టూ చూస్తారు. లేదు. తలెత్తి గోడకేసి చూస్తారు. అక్కడా ఖాళీ లేదు.

గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా మనుషులే. తాగేవాళ్లు, పాడేవాళ్లు, పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచేవాళ్లు, ఈ గోలంతా పట్టనట్టు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకునే జంటలు, ఇంతమంది మధ్య ట్రే పట్టుకుని నెట్టుకొచ్చే వెయిటర్లు. అందరివీ మిటకరించిన కళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కులు. ఈలోగా ఒక వెయిటరు, నిజం వెయిటరు, మిమ్మల్ని ఎవరో ఇద్దరు కుర్రాళ్లున్న బల్ల దగ్గర సర్దేస్తాడు. మెనూ తెరుస్తారు గానీ చూపు అందులో నిలవదు. పక్కబల్ల పెద్దాయన ముక్కు ఇందాకే గోడ మీద చూసినట్టుంది. కాసేపటికి అనుమానం మీవైపే తిరుగుతుంది. కొంపదీసి మనల్నీ ఎక్కడో గీసేశాడేమో అని వెతుక్కోవడం మొదలెడతారు.

గీసినాయన మారియో మిరాండా. పోయి పన్నెండేళ్లు దాటింది. 1932లో ఇరానీ హోటలుగా మొదలైన ఈ కేఫేకి వచ్చేవాళ్లలో చాలామందికి ఆయన పేరు తెలియకపోవచ్చు. అయినా ఆ గోడ ముందు ఫోటో దిగి పోతారు. కార్టూనిస్టుకి ఇంతకంటే మంచి ఎగ్జిబిషన్ హాలు దొరకదని నా నమ్మకం. టిక్కెట్టు లేదు, నిశ్శబ్దం పాటించమనే బోర్డు లేదు, బొమ్మ కింద కూర్చుని ఆమ్లెట్ తినొచ్చు.

కడుపు నిండాక బోరీబందరు వైపు రండి. వీటీ స్టేషన్ ఎదురుగా టైమ్స్ ఆఫ్ ఇండియా పాత భవనం. 'ఇలస్ట్రేటెడ్ వీక్లీ', 'ఫెమినా', 'ఎకనామిక్ టైమ్స్' అన్నీ ఆ గూటివే. మారియో సృష్టించిన జనం ఆ పేజీల్లోనే తిరిగారు. చుక్కల గౌను సెక్రటరీ మిస్ ఫొన్సెకా, ఆవిడ బాసు, గుమాస్తా గాడ్‌బోలే, సినిమా తార మిస్ నింబూపానీ, మంత్రి బండల్‌దాస్. మన ఊళ్లలో వీక్లీ దొరికేది స్టేషన్లోని పుస్తకాల కొట్లోనో, గ్రంథాలయం బల్ల మీదో. ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చినవాళ్లు కూడా తిరగేసేవారు. బల్బులో కూర్చుని రాసుకునే సర్దార్జీ బొమ్మ గుర్తుందిగా? కుష్వంత్ సింగ్ కాలమ్ నెత్తిన ఏళ్ల తరబడి వెలిగిన ఆ బల్బు గీసింది మారియోనే.

అదే భవనంలో ఆర్.కె. లక్ష్మణ్ కూర్చునేవారు. ఆయన కామన్ మ్యాన్ గళ్ల కోటు వేసుకుని, నోరు విప్పకుండా, నాయకుల బాగోతం చూస్తుండేవాడు. లక్ష్మణ్‌ది ఏ రోజు పేచీ ఆ రోజుది. మారియోకి ఆ పేచీ మీద మోజు లేదు. బండల్‌దాస్ మంత్రే గానీ ఫలానా పార్టీవాడని వేలెత్తి చూపలేం. దీనివల్ల మారియో రెండో వరసలో ఉండిపోయాడని పెదవి విరిచేవాళ్లున్నారు. నాకు తోచేది వేరు. యాభై ఏళ్ల కిందటి రాజకీయ కార్టూన్ ఇవాళ అర్థం కావాలంటే పక్కన ఎవరైనా కూర్చుని ఆనాటి సంగతులు చెప్పాలి. మిస్ ఫొన్సెకాకి ఆ అవసరం రాదు. అలాంటి ఆఫీసులు ఇంకా ఉన్నాయి.

ఇక గోవా పదండి. మన వైపు నుంచైతే అమరావతి ఎక్స్‌ప్రెస్. విజయవాడ, గుంటూరు, గుంతకల్లు, హుబ్బళ్లి దాటి, కనుమలు దిగుతూ దూద్‌సాగర్ తుంపర కిటికీలోకి పంపి, మడగావ్‌లో దింపుతుంది. బీచ్‌ల వైపు వెళ్లే గుంపుని వదిలేసి లౌతోలి దారి పట్టండి. కొబ్బరి చెట్లు, ఎర్రమట్టి, చర్చి, ఆ తర్వాత రెండంతస్తుల పాత బంగళా. మారియో వాళ్ల శతాబ్దాల నాటి ఇల్లు. శ్యామ్ బెనెగల్ 1985 సినిమా 'త్రికాల్' చూసినవాళ్లకి ఆ గదులన్నీ పరిచయమే, షూటింగ్ జరిగింది ఇక్కడే. ఇది కుటుంబం ఇల్లు, మ్యూజియం కాదు. గేటు బయట నిలబడే చూడాలి.

మారియో పుట్టింది 1926లో, పోర్చుగీసువాళ్ల చేతిలో ఉన్న డామన్‌లో. చిన్నప్పుడు ఇంటి గోడలన్నీ పాడుచేస్తుంటే వాళ్లమ్మ ఒక ఖాళీ పుస్తకం చేతిలో పెట్టింది. దాంతో డైరీ మొదలైంది. మనం పద్దులు రాసినట్టు ఆయన మనుషుల్ని రాసుకున్నాడు. ఊరి పెళ్లిళ్లు, చావులు, చర్చికొచ్చే ముసలమ్మలు, అన్నీ బొమ్మలే, పక్కన రెండు మాటలు. బొమ్మలు గీయడం ఎవరూ నేర్పలేదు. బొంబాయిలో చదివింది చరిత్ర. లిస్బన్, లండన్ తిరిగొచ్చాడు, అమెరికా వెళ్లి 'పీనట్స్' చార్లెస్ షుల్జ్‌ని కలిశాడు, చివరికి ఈ ఇంటికే చేరాడు. 2011 డిసెంబరు 11న ఇక్కడే కన్నుమూశాడు. పుట్టుకతో క్యాథలిక్ అయినా తన కోరిక ప్రకారం మడగావ్ శ్మశానంలో దహనం చేశారు.

మనిషి పోయాక బొమ్మలు ఏమవుతాయి? దీనికి జవాబు మండోవీ నదికి అవతల, పర్వరీ దగ్గర తోర్డా గ్రామంలో ఉంది. జెరార్డ్ ద కున్హా అనే ఆర్కిటెక్టు అక్కడ గోవా ఇళ్ల గురించి చెప్పే ఓడ ఆకారపు మ్యూజియం ఒకటి కట్టారు, దాని దగ్గరే మారియో గ్యాలరీ. ఈయన చేసిన పని పైకి కనిపించేది కాదు. మారియో బొమ్మలు దాచుకునే మనిషి కాదు, అడిగినవాళ్లకి ఇచ్చేసేవాడు. పత్రికకి వెళ్లిన ఒరిజినల్ తిరిగొచ్చిందా లేదా అని ఆరా తీసే అలవాటు ఆ తరం కార్టూనిస్టుల్లో తక్కువ. అచ్చుకి బ్లాకు తయారయ్యాక ఆ అట్టముక్క ఎవరి సొరుగులోకి పోతుందో ఎవరికి పట్టింది? అలా చెల్లాచెదురైన వేల బొమ్మల్ని వెతికి, పోగేసి, స్కాన్ చేసి, ఎప్పటివో, ఎందులోవో రాసిపెట్టించి, 2008లో ఒక లావుపాటి పుస్తకంగా వేశారు. అప్పటికి మారియో బతికే ఉన్నాడు. అసలు కిటుకు అదే. బొమ్మ చూపించి, ఇదెప్పటిదండీ అని అడగడానికి ఎదురుగా మనిషి ఉన్నాడు. సంస్మరణ సభలో దండ వేసిన ఫోటోని అడిగితే చెప్పదు.

లోపలికి రండి. కౌంటరు నిండా కప్పులు, టైల్సు, ఫ్రిజ్ మ్యాగ్నెట్లు. గోవా నుంచి హైదరాబాదుకి జీడిపప్పుతో పాటు ఇవీ వస్తున్నాయి. కొనుక్కోండి, తప్పులేదు, ఆ డబ్బుతోనేగా గ్యాలరీ నడవాల్సింది. కానీ కప్పు మీద ఒక్క మనిషే పడతాడు. మారియో గొప్పతనం గుంపులో ఉంది. అందుకని కౌంటరు వదిలి, గోడ మీద ఏదైనా పెద్ద బజారు బొమ్మ ముందు నిలబడండి. ముక్కు ఆనేంత దగ్గరికి జరగండి. ఇందాక నీడలా కనిపించింది నీడ కాదు, గీతలు. ఏటవాలుగా కొన్ని, వాటిని కోస్తూ ఇంకొన్ని, మళ్లీ అడ్డంగా మరికొన్ని. ఇదంతా సోకు కాదు. న్యూస్‌ప్రింట్ సిరా పీల్చేస్తుంది, బూడిద రంగు పులిమితే అచ్చులో మసకబారి అలుక్కుపోతుంది. జింకు బ్లాకుకి నలుపు, తెలుపు రెండే తెలుసు. కాబట్టి నీడ కావాలన్నా గీతలతోనే నేయాలి. ఇంటి కప్పు మీది పెంకులు, కిటికీ చువ్వలు, చేపల బుట్ట అల్లిక, ప్రతిదీ అలా నేసిందే. బజారు మధ్యలో ఎక్కడో ఒక కుక్క కాలెత్తుతూ దొరుకుతుంది. ఎవరూ చూడరని తెలిసీ దానికీ అంత శ్రద్ధగా గీతలు పెట్టాడు.

పుస్తకాల అరలో డైరీలు అడగండి. 1949, 1950, 1951, మూడు సంవత్సరాలవి అచ్చయ్యాయి. కప్పుల ముందున్నంత రద్దీ వీటి దగ్గర ఉండదు.

తిరుగు రైల్లో డైరీ తిరగేస్తుంటే మన కార్టూనిస్టుల సంగతి గుర్తు రాక మానదు. బాపు చేతిరాత ఫాంటైంది, శుభలేఖ అచ్చేయించే ప్రతి ఇంటికీ చేరింది. ఆయన కార్టూన్లు పుస్తకాలుగానూ వచ్చాయి. అంత అదృష్టం లేనివాళ్ల బొమ్మలు వారపత్రికలతో పాటు కిలోల లెక్కన పోయాయి. మిగిలినవి కొన్ని విచిత్రంగా మిగిలాయి. మన ఇళ్లలో సీరియల్ పేజీలు చింపి బైండు చేయించే ఆడవాళ్లుండేవారు. నవల కోసం దాచారు, దాని వెనక పేజీల్లోని కార్టూన్లు కూడా అట్టల మధ్య చేరిపోయాయి. బైండరు కత్తి ఒక్కోసారి కార్టూన్లో మనిషి తల తీసేసింది, ఒక్కోసారి కింది మాట మింగేసింది. అటక మీద అలాంటి బైండు ఉంటే నవల తర్వాత చదువుకోవచ్చు, ముందు వెనక పేజీలు చూడండి. సంతకం పోల్చుకోగలిగిన వాళ్లు ఇంట్లో ఉంటే ఇవాళే అడిగి, పత్రిక పేరు, సంవత్సరం మార్జిన్‌లో రాసిపెట్టండి. పెన్సిల్‌తో. బాల్‌పెన్ను సిరా పాత కాగితం అవతలికి దిగుతుంది.