సముద్రాన్ని కూజాలో తెచ్చుకున్న ఇల్లాలు

నల్లపూసల మధ్య పగడాలు గుచ్చుకుంటాం, కుజదోషం అంటే పగడపుటుంగరం చేయించుకుంటాం. అది ఒకప్పుడు ప్రాణమున్న జీవి కట్టుకున్న గూడని మనలో చాలామందికి తట్టదు. మా ద్వారకా నగర్‌లో తెలిసినావిడ ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో మెత్తరకం పగడమొకటి ముడుచుకుపోయిందని ఆవిడ దిగులు. నీళ్ళు మార్చాలా, లైటు తగ్గించాలా అని కనపడినవాళ్ళనల్లా అడుగుతోంది. ఈ బెంగ మొదట పడినవాళ్ళలో ఒక ఇల్లాలు ఉందని చదివినప్పుడు నాకు భలే అనిపించింది.

ఆవిడ పేరు అన్నా థిన్. భర్త లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో మతాధికారి. పెద్ద సంసారం. 1846లో ఇంగ్లండు దక్షిణ తీరాన టోర్కీ ఊరికి వెళ్ళినప్పుడు రాళ్ళకు అంటుకుని బతికే చిన్న పగడాలు ఆవిడ కంటబడ్డాయి. లండన్ తీసుకెళ్ళాలనుకుంది. దారిలో కుదుపులకి దెబ్బతినకుండా ఏం చేసిందో చూడండి: సూదీ దారం తీసుకుని వాటిని ఒక పెద్ద స్పాంజికి కుట్టేసింది! ఆ స్పాంజిని సముద్రపు నీళ్ళున్న రాతి కూజాలో పెట్టుకుని బయల్దేరింది. ఏ శాస్త్రవేత్తకి తోచేది ఈ ఉపాయం?

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. నీళ్ళు మారుస్తూ ఉంటే పగడాలు బాగానే ఉన్నాయి, కానీ తెచ్చుకున్న సముద్రపు నీళ్ళు ఎన్నాళ్ళొస్తాయి? లండన్‌లో సముద్రం లేదాయె. నీళ్ళకి గాలి తగిలితే మళ్ళీ పనికొస్తాయని ఆవిడ కనిపెట్టింది. తెరిచిన కిటికీ దగ్గర ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి, అందులోంచి మళ్ళీ ఇందులోకి, మనం కాఫీ తిరగబోసినట్టు, అరగంట, ముప్పావుగంట పోయించేది. పోసింది ఆవిడ కాదు, ఇంట్లో పనిచేసే చిన్నపిల్ల. ఆ పిల్లకది సరదాగానే ఉండేదని యజమానురాలి మాట. పిల్ల మాట మనదాకా రాలేదు, పేరూ రాలేదు. ఆ పగడాలు బతికింది ఆ చేతుల చలవేనని నా నమ్మకం.

1847లో ఆవిడ సముద్రపు నాచు కూడా తెచ్చి నీళ్ళలో వేసింది. వెలుతురులో నాచు ప్రాణవాయువు విడుస్తుంది, పగడం పీల్చుకుంటుంది. అలా దాదాపు మూడేళ్ళు పగడాలు బతికాయి, పిల్లలు కూడా పెట్టాయి. ఆవిడ రాసుకున్న వివరాలు 1859లో శాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి. అంతకు ముందే, 1854లో, ఫిలిప్ హెన్రీ గాస్ 'ది అక్వేరియం' పుస్తకం వేశాడు. ఆ పేరూ వేలంవెర్రీ రెండూ దాంతోనే వ్యాపించాయి. గాస్ సాయంతోనే ఆవిడ వ్యాసం వెలుగు చూసిందనీ చెప్పుకోవాలి.

ఆ పిల్ల చేసిన పని ఇప్పుడు మోటారు చేస్తోంది. నాచు సంగతి ఇంకా చిత్రం. మన వెచ్చటి సముద్రాల పగడాల్లో చాలావాటికి ఒంట్లోనే కంటికి కనపడనంత నాచు ఉంటుంది. వాటికి తిండీ రంగూ చాలావరకు దానివల్లే. నీళ్ళు వేడెక్కితే పగడం ఆ నాచును బయటికి తోసేసి తెల్లబడిపోతుంది. విశాఖ మే నెలలో కరెంటు పోయిందంటే ఆ భయమే. కాబట్టి ముందు చూడాల్సింది థర్మామీటరు, 25, 26 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. తర్వాత ఉప్పు. సముద్రంలో లీటరుకి సుమారు 35 గ్రాములు. నీరు ఆవిరైతే ఉప్పు అలాగే ఉండిపోతుంది, అందుకని తగ్గినమేర మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. ఎదురుగా సముద్రముంది కదా అని బీచిలో బిందె ముంచుకురావడం నాకు నచ్చదు. వానాకాలంలో గెడ్డల నీళ్ళన్నీ అక్కడికే వస్తాయి. ఇంకోటి, తోలు పగడమనే రకం పైపొర విడిచేటప్పుడు కొన్నాళ్ళు ముడుచుకునే ఉంటుంది. అది జబ్బు కాదు. ఒకేరోజు నీళ్ళూ లైటూ మందూ అన్నీ మార్చేస్తే దేనివల్ల ఏమైందో ఎవరికీ తెలీదు.

గాస్ పుస్తకం తెచ్చిన వెర్రికి ఇంగ్లండు తీరంలో రాళ్ళగుంటలు ఊడ్చుకుపోయాయి. తండ్రి చేసిన పనికి కొడుకు ఎడ్మండ్ గాస్ తర్వాత తన పుస్తకంలో బాధపడ్డాడు. మనదేశంలో 2001 నుంచి రాతి గూడు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో పాటు. షోకేసులో పెట్టుకోవడానికి వాటి ఎండిన ముక్కను అమ్మినా కొన్నా నేరమే.