కాలువ నీళ్ళు, నిలిచే నురగ

ఆదివారం పొద్దున్న ఏడున్నర. ఏలూరు పవర్‌పేట స్టేషన్‌కి దగ్గర్లో ఒక సందు, అందులో రెండు కుర్చీల సెలూను. మంగళవారం షాపు మూత కాబట్టి జనమంతా ఇవాళే వచ్చి కూర్చున్నారు. పేపరు ఒక్కటే, తలో కాగితం తీసుకుని చదువుతున్నారు. మీ వంతు వచ్చింది, కుర్చీలో వెనక్కి వాలండి. పెద్దాయన మెడ చుట్టూ తువ్వాలు చుట్టి, "క్రీమా, సబ్బాండి?" అని అడుగుతాడు.

సబ్బే అనండి.

ముందు స్ప్రే సీసాతో గడ్డమంతా తడిపి, అరచేత్తో గట్టిగా రుద్దుతాడు. ఈ తడుపుడుకి తొందర పనికిరాదు. రెండు మూడు నిమిషాలు నీళ్ళు పీల్చుకుంటే ఎంత బిరుసు వెంట్రుకైనా ఉబ్బి మెత్తబడుతుంది. ఆ తడి ఆరిపోకుండా వెంట్రుకని పట్టి ఉంచడమే నురగ పని. కత్తి జారడానికి నునుపు కూడా అదే ఇస్తుంది.

ఇప్పుడు బల్ల మీదికి చూడండి. స్టీలు గ్లాసులో వేణ్ణీళ్ళు, అందులో కుచ్చు మునిగేదాకా నిలబెట్టిన బ్రష్. షాపు వెనకాల బోరు ఉంది. చేతులు కడగడానికీ నేల తుడవడానికీ ఆ నీళ్ళే. ఈ గ్లాసులోకి మాత్రం ఆయన కుళాయి నీళ్ళు పట్టి దాచుకుంటాడు. కుళాయి నీళ్ళంటే ఇక్కడ కాలువ నీళ్ళు. విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన గోదావరి కాలువ తాడేపల్లిగూడెం మీదుగా, విజయవాడ నుంచి కృష్ణా కాలువ ఇటుగా, రెండూ ఏలూరుకే వస్తాయి. ఆ నీళ్ళకి సబ్బు ఇట్టే లొంగుతుంది.

పక్క కుర్చీలో ఉన్నాయనది కొల్లేటి లంక. "మా బోరు నీళ్ళకి ఎంత రుద్దినా నురగ నిలవదండి, ముఖం మీదే ఆరిపోద్ది" అంటున్నాడు. కైకలూరు, ఆకివీడు వైపు చాలాచోట్ల భూమిలో ఉన్నది ఉప్పు నీరే. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారిపోతాయి. గిన్నె అంచున బూడిదరంగులో అంటుకునేది అదే. సబ్బు దానికే ఖర్చయిపోతే నురగకి మిగిలేదేముంది? దానికి తోడు ఉప్పు, సబ్బుని సరిగ్గా కరగనివ్వదు.

బ్రష్ పైకి తీశాడు. రెండుసార్లు విదిలించి గుండ్రటి సబ్బు మీద తిప్పుతున్నాడు. నొక్కడం లేదు, కుచ్చు కొసలే తిరుగుతున్నాయి. మొదట పెద్దపెద్ద బుడగలు. కొత్తవాళ్ళు ఇది చూసే నురగ వచ్చేసిందనుకుని ముఖానికి పూసేస్తారు. ఆయన తిప్పుతూనే ఉన్నాడు. బుడగలు చితికి, కుచ్చు మొదట్లో చిక్కటి ముద్ద చేరింది. కొసని గ్లాసులో తాకించి, రెండు చుక్కలు పట్టి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ రెండు చుక్కలు. ఒక్కసారే నీళ్ళు పోస్తే పలచబడి మెడ మీదికి కారుతుంది, అసలు పొయ్యకపోతే జిగురై కత్తి పట్టేస్తుంది. తోడుకున్న గడ్డపెరుగులా మెరుపు తేలి, కంటికి బుడగ కనబడనప్పుడు ఆపాడు.

బుగ్గ మీద వెచ్చగా తగిలింది. బ్రష్ గుండ్రంగా తిరుగుతుంటే పడుకున్న వెంట్రుకలు లేచి నిలబడుతున్నాయి. గవద దగ్గర, పై పెదవి మీద ఇంకాసేపు. ఆఖరున పైకీ కిందికీ పూసి సాపు చేస్తాడు. డబ్బా నొక్కితే వచ్చే ఫోమ్‌లో ఈ రుద్దుడు ఉండదు, అది పైపైనే కూర్చుంటుంది. నా మటుకు నాకు బ్రష్ ముందు అది నిలవదు.

క్రీమైతే పని సులువు. అందులో నీరు ముందే ఉంటుంది కనుక శనగగింజంత చాలు, నురగ త్వరగా లేస్తుంది. చుక్కలు చుక్కలుగా నీళ్ళు కలిపే పద్ధతి మాత్రం దానికీ ఇదే.

కొత్త బ్లేడుని కాగితంతోపాటే మధ్యకి విరిచి, సగం కత్తిలో బిగించాడు. ఇది మీ కళ్ళ ముందే జరగాలి, జరగకపోతే అడగండి. ముందు వెంట్రుక వాలున, మళ్ళీ నురగ పెట్టి ఎదురు. తర్వాత చన్నీళ్ళు, పటిక.

ఇంట్లో గీసుకునేవాళ్ళకి, ముఖ్యంగా కొల్లేరు చుట్టుపక్కల బోరు నీళ్ళతో అవస్థపడేవాళ్ళకి ఒక మాట. సబ్బు మార్చే ముందు నీళ్ళు మార్చి చూడండి. తాగడానికి కొనుక్కునే టిన్నులోంచి ఒక్క గ్లాసు వేడి చేసుకుంటే, గడ్డం తడపడానికీ నురగ లేపడానికీ అది సరిపోతుంది. ముఖం కడుక్కోవడానికి బోరు నీళ్ళు ఎలాగూ ఉన్నాయి.