అప్పలాచియన్ కాలిబాట: చరిత్ర, బృంద పాదయాత్రా సంప్రదాయం

అమెరికా సంయుక్త రాష్ట్రాల తూర్పు భాగంలో, జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ పర్వతం నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం వరకు, 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్ల పొడవున సాగే నడకదారిని అప్పలాచియన్ కాలిబాట అంటారు. ఒంటరి యాత్రికుల సాహసగాథల వల్ల ఇది లోకప్రసిద్ధమైనప్పటికీ, దీని చరిత్రను పరిశీలిస్తే దారి వేయడంలోనూ, దాన్ని కాపాడుకోవడంలోనూ, నడవడంలోనూ స్నేహబృందాలు, స్వచ్ఛంద సంఘాలు నిర్వహించిన పాత్రే ప్రధానమని స్పష్టమవుతుంది.

నేపథ్యం

పరిశ్రమలు పెరిగి నగరజీవితం ఇరుకైన 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో, కొండల్లో కలిసి నడవడానికి, అందుకు తగిన దారులు వేసుకోవడానికి అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో సంఘాలు వెలిశాయి. వీటిలో 1876లో బోస్టన్‌లో ఏర్పడిన అప్పలాచియన్ మౌంటెన్ క్లబ్, 1910లో వెర్మాంట్‌లో ఏర్పడి ఆ రాష్ట్రం పొడవునా లాంగ్ ట్రైల్ అనే దారిని నిర్మించిన గ్రీన్ మౌంటెన్ క్లబ్ ముఖ్యమైనవి. ఇలాంటి దారులను కలుపుతూ పర్వతశ్రేణి పొడవునా ఒకే మార్గం ఉండాలని అటవీశాస్త్రవేత్త బెంటన్ మెకై 1921 అక్టోబరులో అమెరికా వాస్తుశిల్పుల సంస్థ పత్రికలో ప్రతిపాదించాడు. ఆయన ఉద్దేశం వినోదంతో ఆగలేదు. నగరాల్లోని శ్రామికులు వచ్చి కొంతకాలం ఆరోగ్యంగా గడపడానికి వసతి గృహాలు, సామూహిక శిబిరాలు, వ్యవసాయ క్షేత్రాలు ఈ దారి వెంట ఏర్పడాలని ఆయన ఆశించాడు.

నిర్మాణం

ఈ ప్రతిపాదనను అనుసరించి వేసిన తొలి భాగం 1923 అక్టోబరు 7న న్యూయార్క్ రాష్ట్రంలోని బేర్ పర్వత ప్రాంతంలో ప్రారంభమైంది. వేర్వేరు సంఘాల పనిని సమన్వయపరచడానికి 1925లో వాషింగ్టన్‌లో అప్పలాచియన్ ట్రైల్ కాన్ఫరెన్స్ అనే సంస్థ ఏర్పడింది. తొలి ఉత్సాహం మందగించిన దశలో పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి ఆర్థర్ పెర్కిన్స్ ఉద్యమానికి మళ్లీ ఊపిరి పోయగా, 1931 నుంచి 1952 వరకు సంస్థకు అధ్యక్షత వహించిన న్యాయవాది మైరన్ ఏవరీ దాన్ని కార్యరూపానికి తెచ్చాడు. స్వచ్ఛంద కార్యకర్తలు బృందాలుగా అడవిలోకి వెళ్లి పొదలు నరికి, పిడి అమర్చిన చక్రాన్ని దొర్లిస్తూ దూరాలు కొలిచి, చెట్లపై తెల్లరంగు గుర్తులు వేశారు. షెనాండోవా ప్రాంతంలో కొండల మీదుగా మోటారు రోడ్డు వేయడం విషయంలో మెకైకి, ఏవరీకి తీవ్ర విభేదం తలెత్తి, మెకై ఈ పని నుంచి దూరమైనా నిర్మాణం ఆగలేదు. 1937 ఆగస్టు 14న మెయిన్ రాష్ట్రంలో చివరి భాగం పూర్తికావడంతో దారి మొత్తం కలిసింది.

పాదయాత్రలు

ఈ దారిని నడిచేవారిలో రెండు రకాలవారు ఉన్నారు: ఏడాదిలోపు మొత్తం దూరాన్ని నడిచేవారిని త్రూ హైకర్లనీ, వీలునుబట్టి ఏళ్ల తరబడి కొంతకొంతగా నడిచేవారిని సెక్షన్ హైకర్లనీ అంటారు. రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చిన అర్ల్ షాఫర్ 1948లో ఒకే యాత్రలో మొత్తం దారిని నడిచి, అలా నడిచినట్టు నమోదైన తొలి వ్యక్తి అయ్యాడు. యుద్ధానికి ముందు బాల్యమిత్రుడితో కలిసి ఈ యాత్ర చేయాలని తలచిన షాఫర్, ఆ మిత్రుడు ఇవో జీమా యుద్ధంలో మరణించడంతో ఒంటరిగా బయలుదేరాడు. 1955లో 67 ఏళ్ల ఎమ్మా గేట్‌వుడ్ ఒంటరిగా మొత్తం దారి నడిచి వృద్ధులకూ, మహిళలకూ స్ఫూర్తిగా నిలిచింది. బృందంగా ఆసాంతం నడవడం కష్టసాధ్యమన్న అభిప్రాయాన్ని 1975లో వారెన్ డోయల్ నాయకత్వంలో సాగిన కనెక్టికట్ విశ్వవిద్యాలయ బృందయాత్ర సడలించింది.

బృందయాత్రలోని అసలు కష్టం నడక వేగాల్లోని తేడాయే. అందువల్ల అనుభవజ్ఞులైన బృందాలు పగలంతా ఎవరి వేగాన వారు నడిచి, రాత్రికి ముందుగా నిర్ణయించుకున్న విడిది దగ్గర కలుసుకుంటాయి. గుడారం, పొయ్యి, నీటి వడపోత సాధనం వంటి ఉమ్మడి సామగ్రిని పంచుకుని మోయడం వల్ల ఒక్కొక్కరి బరువు తగ్గుతుంది. మూడు వైపులా మాత్రమే గోడలుండి ముందుభాగం తెరిచి ఉండే విడిది పాకలు దారి పొడవునా 250కి పైగా ఉన్నాయి. విడివిడిగా బయలుదేరినవారు అక్కడ కలిసి, ఒకరికొకరు మారుపేర్లు పెట్టుకుని, కుటుంబసభ్యుల్లా వందల కిలోమీటర్లు కలిసి నడుస్తారు. గుంపుల వల్ల నేల కోసుకుపోకుండా, ఇతరులకు చోటు కరువు కాకుండా చూడడానికి రాత్రి బస చేసే బృందాలు పదిమందిని మించకూడదని నిర్వహణ సంస్థ సూచిస్తుంది.

చట్టరక్షణ, నిర్వహణ

దారిలో చాలా భాగం ప్రైవేటు భూముల మీదుగా పోయేది కనుక, యజమాని మనసు మారినప్పుడల్లా అది రోడ్ల మీదికి మళ్లేది. 1968లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన జాతీయ కాలిబాటల చట్టం దీన్ని తొలి జాతీయ సుందర కాలిబాటల్లో ఒకటిగా గుర్తించగా, 1978 నాటి సవరణ భూసేకరణకు నిధులు, అధికారాలు సమకూర్చింది. 1984లో జాతీయ ఉద్యానవనాల శాఖ సేకరించిన భూముల నిర్వహణ బాధ్యతను కాన్ఫరెన్స్‌కు అప్పగించింది. ఈ సంస్థ పేరు 2005లో అప్పలాచియన్ ట్రైల్ కన్సర్వెన్సీగా మారింది. నేటికీ సుమారు 30 స్థానిక సంఘాలు దారిని భాగాలుగా పంచుకుని కాపాడుతున్నాయి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను దక్షిణ భాగంలో వేలాది చెట్లను కూల్చి, వంతెనలను కొట్టుకుపోయేలా చేసినప్పుడు, కూలిన చెట్లను తొలగించి దారిని తెరిచే పనికి పూనుకున్నవారిలో ఈ సంఘాల స్వచ్ఛంద కార్యకర్తలు ముందున్నారు. ప్రభుత్వ రక్షణకు పౌరుల శ్రమ తోడైన ఈ పద్ధతే ఇంత సుదీర్ఘమైన దారి ఒక శతాబ్దం పాటు నిలవడానికి ఆధారమైంది.