సత్తు గిన్నె వెనుక కంచరి చేయి

మద్రాసు ఆర్ట్స్ స్కూలులో 1898లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టించాడు. మన దేశంలో ఆ పరిశ్రమ చరిత్ర అక్కడి నుంచే చెబుతారు, కీర్తి ఆ ఇంజనీరుకే కట్టబెడతారు. అతని చొరవ గొప్పదే. 1886లో హాల్, హెరూ కనిపెట్టిన పద్ధతి వల్ల చవకైన లోహాన్ని వంటింటికి తేవచ్చని అతను ముందే గ్రహించాడు. కానీ ఓడ దిగిన రేకు తనంతట తాను గిన్నె కాదు. తరతరాలుగా రాగి, ఇత్తడి కొట్టిన పనితనమే లేకపోతే ఆ ప్రయోగం నిలిచేది కాదని నా వాదన.

ఎందుకంటే ఈ లోహం పాత అలవాట్లకు లొంగదు. సుత్తి దెబ్బలకు బిగిసిన రాగిని ఎర్రగా కాల్చి మెత్తబరుస్తారు. ఆ ఎరుపే కంచరికి కొలత. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, మెత్తబడే వేడి దగ్గర రంగే మారదు. రేకుకు సబ్బు పూసి, అది నల్లబడగానే సెగ నుంచి తీయడం ఈ పనిలో ఒక ఉపాయం. ఆకురాయి పట్టినా చిక్కే: మెత్తటి రజను పళ్ల మధ్య ఇరుక్కుని, మరుసటి రుద్దుకు నున్నటి అంచు మీద లోతైన గీత పెడుతుంది. అందుకే ముందుగా సుద్ద రాయాలి, మాటిమాటికీ తీగ బ్రష్‌తో దులపాలి. కోతకు పళ్లు ఎడంగా ఉన్న రంపం, కాస్త కిరోసిన్ కావాలి. గాలి సోకగానే కట్టే సన్నటి పొర వల్ల మామూలు టంకం అతకదు. కాబట్టి గుండ్రంగా కత్తిరించిన ఒకే రేకును కొట్టికొట్టి గిన్నెగా లేపాలి, పిడిని రివిట్లతో బిగించాలి. ఇదంతా చేతికి తెలిసిన విద్య.

తర్వాత యంత్రాలు వచ్చాయి కదా, చేతిపని కొన్నాళ్ల ముచ్చటే కదా అనవచ్చు. కానీ చేత్తో చేసిన గిన్నెలకు గిరాకీ ఉందని తేలాకే, 1903లో ఇండియన్ అల్యూమినియం కంపెనీ స్కూలు నుంచి ఆ విభాగాన్ని కొనుక్కుంది. కళాయి అక్కర్లేని ఈ లోహం కంచరి పొట్టే కొట్టిందన్న ఆక్షేపణ ఇంకా బరువైనది, నిజం కూడా. పులుసుకీ ఊరగాయకీ ఇది పనికిరాకపోవడం ఆ దెబ్బను కొంత ఆపిందంతే. అయితే నష్టపోయినవాడి వాటాను లెక్కలోంచి కొట్టేయడానికి అది కారణం కాదు. తిరువాన్కూరు సంస్థానంలోని అలుపురంలో 1943లో లోహం తీయడం మొదలయ్యేదాకా, అంటే 45 ఏళ్లపాటు, మన సత్తు గిన్నెలోని లోహమంతా దిగుమతిదే. అందులో మనదంటూ ఉన్నది పనివాడి శ్రమే.