క్లాడియో లేని సోమవారం

2017 ఫిబ్రవరి 27, రాత్రి. ఇంగ్లండ్‌లోని లెస్టర్, కింగ్ పవర్ స్టేడియం. ఎటు తిరిగినా మీకు ఒకే ముఖం కనిపిస్తోంది. నెరిసిన జుట్టు, కళ్లద్దాలు. చుట్టూ ఉన్నవాళ్లు క్లాడియో రానియేరి మాస్కులు తగిలించుకుని కూర్చున్నారు. ఆ మనిషి మాత్రం మైదానం అంచున లేరు. నాలుగు రోజుల కిందట, గురువారం సాయంత్రం, లెస్టర్ ఫుట్‌బాల్ క్లబ్ ఆయన్ను మేనేజర్ పదవి నుంచి తీసేసింది.

ఇదే గడ్డి మీద మొన్నటి మే 7న ఆండ్రియా బొచెల్లి పాడుతుంటే, పక్కన నిలబడి జనాన్ని గోల తగ్గించమని చేత్తో సైగ చేసింది ఆయనే. సీజన్ మొదట్లో లెస్టర్ మీద ఒక పౌండు కాసినవాడికి అయిదు వేలు వచ్చిన ఏడాది అది. జట్టు 81 పాయింట్లతో ఇంగ్లండ్ ఛాంపియన్ అయింది. ఆ తర్వాత పది నెలలు తిరగలేదు.

పోస్ట్ హార్న్ గ్యాలప్ బాకా మోగుతుంది. జట్లు వస్తాయి. అవతల లివర్‌పూల్. లెస్టర్ ఈ ఏడాది లీగ్‌లో ఒక్క గోల్ కూడా కొట్టలేదు. 25 మ్యాచ్‌లకు 21 పాయింట్లు. వారాంతంలో మిగతా జట్ల ఫలితాలు వచ్చాక ఆఖరి మూడు స్థానాల్లోకి జారింది. ఆ మూడింట్లో సీజన్ ముగిస్తే కింది డివిజనే గతి.

28వ నిమిషం. లెస్టర్ ఆటగాడు జేమీ వార్డీ లివర్‌పూల్ రక్షణ వెనక్కి దూసుకుపోయాడు. గోల్! మీ చుట్టూ అట్టముక్కలు టపటపా చరుస్తున్నారు. పదకొండు నిమిషాలకే డ్రింక్‌వాటర్ దూరం నుంచి లాగి కొట్టాడు. రెండు. మీరూ లేచి అరుస్తున్నారు, కానీ గొంతులో ఏదో అడ్డుపడుతోంది. నిన్నటిదాకా ఈ పరుగు ఏమైంది? ఈ కాళ్లు ఆయన కోసం ఎందుకు కదల్లేదు?

హాఫ్ టైమ్. రానియేరి కష్టాలు అందరికీ తెలుసు. మధ్య మైదానమంతా ఒక్కడే కాపలా కాసిన కాంటే చెల్సీకి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు పాత ఊపు అందుకోలేకపోయారు. చూసేవాళ్లకి ఆయన్ను తీసెయ్యడం ఏరు దాటాక తెప్ప తగలేసిన పనే. నేనూ ఆయన పక్షమే. కానీ యజమానుల లెక్కలో వాళ్లింకా ఏటి మధ్యలోనే ఉన్నారు. ఈ సీజన్‌తో మొదలైన మూడేళ్ల టీవీ ఒప్పందం, బ్రిటన్ హక్కుల వరకే, 500 కోట్ల పౌండ్ల పైమాట. డివిజన్ జారితే ఆ పంపకంలో వాటా పోతుంది. జీతాలు మాత్రం ఛాంపియన్ల జీతాలు. జనవరి 31తో బదిలీల గడువు ముగిసింది. పాతిక మంది ఆటగాళ్లలో ఒక్కణ్నీ మార్చలేరు. మార్చడానికి చేతిలో మిగిలింది ఒకే మనిషి. ఫిబ్రవరి 7న ఆయనకు మా మద్దతు చెక్కుచెదరదని ప్రకటించిన క్లబ్, 23న అంతకన్నా కష్టమైన నిర్ణయం దాదాపు ఏడేళ్లలో తీసుకోలేదని చెప్పింది. ఆ బాధ అబద్ధమని నేననుకోను. కానీ భయం దానికన్నా పెద్దది.

60వ నిమిషంలో వార్డీ తలతో మూడోది కొట్టాడు. 65వ నిమిషంలో స్టాండ్లలో ఫోన్ల దీపాలు వెలుగుతాయి. రానియేరి వయసు 65. మీరూ ఫోన్ పైకెత్తారు. కాసేపటికి లివర్‌పూల్ ఒకటి కొట్టినా ఆట 3-1తో ముగుస్తుంది.

బయటికి నడుస్తుంటే, తీసెయ్యడమే మంచిదైందనే మాట ఎవరి నోటినుంచో వినిపిస్తుంది. ఆ మాటే అన్ని క్లబ్బులనూ తప్పుదారి పట్టిస్తుంది. 1986–2004 మధ్య డచ్ లీగ్‌ను పరిశీలించిన ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్‌కు కనిపించింది వేరు. మేనేజర్‌ను తీసేశాక జట్లు కోలుకున్న మాట నిజమే. అంతే లోతుకు పడి కూడా మేనేజర్‌ను ఉంచుకున్న జట్లూ అలాగే కోలుకున్నాయి. అడుగంటిన జట్టుకు పైకి రావడం తప్ప దారి ఉండదు. ఆ సమయానికి కుర్చీలో ఉన్నవాడికి పేరొస్తుంది.

ఇక్కడ ఆ పేరు రానియేరి స్థానంలోకి వచ్చిన క్రెయిగ్ షేక్‌స్పియర్‌కు దక్కింది. వరసగా అయిదు లీగ్ విజయాలు, చివరికి 12వ స్థానం, జూన్‌లో మూడేళ్ల కాంట్రాక్ట్.

అక్టోబర్ 16న మీరు మళ్లీ ఇదే స్టేడియంలో ఉన్నారు. వెస్ట్ బ్రామ్‌తో 1-1. ఎనిమిది మ్యాచ్‌లకు ఆరు పాయింట్లు, 18వ స్థానం. జనం ఈలలు వేస్తున్నారు. వేయకండి, ఒక్కసారి మ్యాచ్‌ల పట్టిక చూడండి. ఓడిన నాలుగూ ఆర్సెనల్, మాంచెస్టర్ యునైటెడ్, చెల్సీ, లివర్‌పూల్ మీద. గడ్డు మ్యాచ్‌లు చాలావరకు అయిపోయాయి. మర్నాడే షేక్‌స్పియర్‌ను పంపేశారు. తర్వాతి రెండు లీగ్ మ్యాచ్‌లూ లెస్టర్ గెలిచింది. అందులో రెండోది ఎవర్టన్ మీద. ఆ ఎవర్టన్ కూడా ఆరు రోజుల ముందే తన మేనేజర్ రొనాల్డ్ కూమన్‌ను తీసేసి వచ్చింది.