బిగింపు కథ: రేసు కారులోకి కెమెరా ఎలా ఎక్కింది

2023 ఫిబ్రవరి 11. హుస్సేన్ సాగర్ ఒడ్డున, 2.83 కిలోమీటర్ల నిడివి, 18 మలుపులు ఉన్న రోడ్డు ట్రాక్ మీద భారతదేశపు తొలి ఫార్ములా ఇ పోటీ జరుగుతోంది. పోల్ పొజిషన్ నుంచి బయల్దేరిన జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్ హెయిర్‌పిన్ మలుపు తిరుగుతుండగా, సొంత జట్టువాడే అయిన సామ్ బర్డ్ కారు వచ్చి అతని కారును గుద్దింది. ఒకే జట్టు కార్లు రెండూ ఒకే మలుపులో పోటీ నుంచి తప్పుకున్నాయి. చివరికి జాన్ ఎరిక్ వెర్న్ అర సెకను కూడా లేని తేడాతో నెగ్గాడు.

డబ్బు పెట్టి టికెట్ కొని స్టాండ్లలో కూర్చున్నవాళ్ళకు ఇలాంటి గొడవ కంచెల సందులోంచి రెప్పపాటు కనిపిస్తుంది. తణుకులో టీవీ ముందు కూర్చున్న మనిషి మాత్రం కారు మీదే కూర్చుని చూడగలడు. స్టీరింగ్ ఎటు తిరిగిందో, ముందు చక్రం ఎప్పుడు బిగుసుకుందో, గోడ ఎంత దగ్గరగా వచ్చిందో అతనికి తెలుస్తుంది. ఈ సౌఖ్యం కెమెరా కనిపెట్టిన రోజున రాలేదు. దాన్ని కారుకు బిగించడం, బిగించాక బతికించడం నేర్చుకోవడానికి డెబ్భై ఏళ్ళు పట్టింది.

మొదట్లో అంతా బరువుతోనే పేచీ. 1956లో లెమాన్స్ 24 గంటల పోటీకి ముందు బ్రిటిష్ డ్రైవర్ మైక్ హాథార్న్ తన జాగ్వార్ డి టైప్ మీద ఫిల్మ్ కెమెరా, మెడ దగ్గర మైకు పెట్టుకుని ట్రాక్ అంతా ఒక చుట్టు వేశాడు. అది పోటీ కాదు. రోడ్డు ఇంకా మూయలేదు కూడా. ఎదురుగా లారీలు, సైకిళ్ళు వస్తుంటే వాటిని తప్పించుకుంటూ, ఏ మలుపులో ఏ గేరో మాటల్లో చెబుతూ పోయాడు. ఆ చిత్రం ఇవాళ చూసినా ఒళ్ళు జలదరిస్తుంది. కానీ నిజమైన పోటీలో అంత బరువు మోయడానికి ఎవరొప్పుకుంటారు? రేసు కారులో ప్రతి కిలోకూ లెక్క ఉంటుంది. పైగా ఫిల్మ్ చుట్ట నిమిషాల్లో అయిపోతుంది.

ఆ బరువును మోయించింది సినిమావాళ్ళు. 1966లో ‘గ్రాండ్ ప్రి’ తీసిన జాన్ ఫ్రాంకెన్‌హైమర్ పెద్ద తెర కోసం సూపర్ పానావిజన్ 70 కెమెరాలు వాడాడు. వాటిని కార్లకు బిగించాలంటే ప్రత్యేకంగా ఉక్కు చట్రాలు చేయించాల్సి వచ్చింది. 1961 ప్రపంచ విజేత ఫిల్ హిల్ చేత కెమెరా కారు నడిపించి, అసలు గ్రాండ్ ప్రి ట్రాక్‌ల మీదే దృశ్యాలు తీశాడు. నాలుగేళ్ళకు స్టీవ్ మెక్వీన్ ఇంకా తెగించాడు. ‘లెమాన్స్’ సినిమా కోసం 1970 లెమాన్స్ పోటీలోకే ఒక పోర్షె 908ను కెమెరాలతో సహా దింపాడు. హెర్బర్ట్ లింగే, జోనథన్ విలియమ్స్ దాన్ని వంతులవారీగా నడిపారు. ఫిల్మ్ అయిపోయిన ప్రతిసారీ పిట్‌లోకి రావడం, చుట్టలు మార్చుకోవడం, మళ్ళీ పోవడం. అన్ని ఆగుళ్ళు ఆగి కూడా ఆ కారు 24 గంటలూ పూర్తి చేసింది. అయితే నడిచిన దూరం చాలక ఫలితాల పట్టికలో దానికి చోటు దక్కలేదు. రేసు కెమెరా చరిత్రలో ఆ కారుకు దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదనే చెప్పాలి.

ఫిల్మ్ పోయి టీవీ కెమెరా వచ్చాక అసలు మలుపు ఆస్ట్రేలియాలో తిరిగింది. సిడ్నీలోని ఏటీఎన్ 7 టీవీ ఇంజనీర్లు రేస్‌కామ్ అనే ఏర్పాటు తయారు చేశారు. కారులో చిన్న కెమెరా, దాని బొమ్మను మైక్రోవేవ్ తరంగాలుగా పైన తిరిగే హెలికాప్టర్‌కు పంపే యంత్రం, అక్కణ్ణుంచి నేల మీది స్టేషన్‌కు. 1979లో బాథర్స్ట్ కొండ ట్రాక్ మీద పీటర్ విలియమ్సన్ నడిపిన టయోటా సెలికాలో దాన్ని పెట్టారు. అతను కారు నడుపుతూనే వ్యాఖ్యాతలతో మాట్లాడుతుంటే దేశమంతా విన్నది. అదే ఏడాది అమెరికాలో డేటోనా 500 ప్రసారంలోనూ కారు లోపలి కెమెరా కనిపించింది. 1983లో కేల్ యార్బరో కెమెరా మోసుకెళ్తూనే డేటోనా నెగ్గేసరికి, కెమెరా ఉంటే కారు ఓడిపోతుందన్న మాట చెల్లలేదు.

ఫార్ములా వన్‌లో ఈ మాట చెల్లకుండా పోవడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. 1985 జర్మన్ గ్రాండ్ ప్రికి రెనో జట్టు ఫ్రాన్స్వా ఎనో కోసం మూడో కారు దింపింది. ఆ కారు పని ప్రధానంగా టీవీకి బొమ్మ పంపడం. ఎనిమిదో చుట్టులోనే క్లచ్ పాడై ఆగిపోయింది. ఒక జట్టు మూడు కార్లు దింపిన ఆఖరి పోటీగా కూడా అది నిలిచిపోయింది. కెమెరా మోసిన కారుకు మాత్రమే బరువు పడితే అన్యాయం కదా. అందుకే తరవాత నియమం మార్చారు. 1998 నుంచి ప్రతి కారుకూ కెమెరా గూళ్ళు తప్పనిసరి. లోపల కెమెరా లేకపోతే అంతే బరువున్న డమ్మీ పెట్టాలి. డ్రైవర్ తల వెనక, గాలి పీల్చే గొట్టం పైన కొమ్ములా కనిపించే గూడు అలాంటిదే. జట్టులో రెండో డ్రైవర్ కారుకు అది పసుపు రంగులో ఉంటుంది కాబట్టి దూరం నుంచి ఇద్దర్నీ వేరుగా పోల్చుకోవడానికీ పనికొస్తుంది.

గూడులో పెట్టగానే సరిపోదు. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో ముందు కారు టైరునుంచి ఊడిన రబ్బరు ముక్కలు, నూనె తుంపర, వానైతే నీళ్ళు, అన్నీ లెన్సు మొహానే వచ్చి పడతాయి. మధ్యలో ఎవరూ తుడవలేరు. అందుకని లెన్సు ముందు పారదర్శకమైన పల్చటి ఫిల్మ్ చుట్ట ఒకటి అమర్చారు. మురికి పడగానే అది కొంచెం తిరిగి శుభ్రమైన భాగం లెన్సు ముందుకొస్తుంది.

కెమెరా వినోదం నుంచి భద్రతలోకి అడుగుపెట్టిన తేదీ కూడా చెప్పుకోదగ్గది. 2016 నుంచి ఫార్ములా వన్ కార్లలో డ్రైవర్ మొహం వైపు తిరిగిన హైస్పీడ్ కెమెరా పెట్టారు. సెకనుకు 400 ఫ్రేములు. దానికి ప్రేక్షకులతో పని లేదు, ప్రమాదంలో తల, మెడ, భుజాలు ఎటు కదిలాయో పరిశోధకులకు చెప్పడమే దాని పని. ఆ ఏడాది తొలి పోటీలోనే, మెల్‌బోర్న్‌లో, ఫెర్నాండో అలోన్సో మెక్‌లారెన్ కారు గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంలో పల్టీలు కొట్టింది. అలోన్సో తనంతట తాను బయటికొచ్చాడు. ఆ కెమెరా తీసిన ఫ్రేములను అంతర్జాతీయ మోటారు సమాఖ్య నిపుణులు ఒక్కొక్కటిగా పరిశీలించారు. కెమెరా కూడా ఆ ప్రమాదాన్ని తట్టుకోకపోయి ఉంటే వాళ్ళ చేతిలో ఏమీ ఉండేది కాదు.

ఇదంతా కోట్లు ఖర్చు పెట్టే జట్ల సంగతి. మామూలు పోటీదారుడి సంగతి వేరు. తణుకు మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద డాష్ కెమెరాలు మామూలైపోయాయి. రబ్బరు కప్పుతో అద్దానికి అతికిస్తే చాలు. అదే రహదారి పట్టుకుని చెన్నై వెళ్ళి, శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లోకి దిగితే ఆ కప్పు చాలదు. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలోనైనా అంతే. దేశంలో సింగిల్ సీటర్ పోటీలకు ఫార్ములా మారుతి కారుతో ఊపిరిపోసిన ఎస్. కరివర్ధన్ పేరు మీదిది. ఆ బుల్లి కార్లలో డ్రైవర్‌కే చోటు ఇరుకు.

వీడియో టేపుల రోజుల్లో ఇలాంటి పోటీదారులు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. క్యామ్‌కార్డర్‌లో గిర్రున తిరిగే హెడ్డుకు టేపు సరిగా ఆనుకుని ఉంటేనే బొమ్మ పడుతుంది. కారు కుదుపుకు ఆ ఆనిక చెదిరి బొమ్మంతా గీతలు పడేది. తరవాత హార్డ్ డిస్కు కెమెరాలొచ్చాయి, వాటికి కుదుపంటే ఇంకా భయం. కొందరు ఉపాయం చేశారు. లిప్‌స్టిక్ అంత కెమెరాను మాత్రం పైన బిగించి, రికార్డర్‌ను మందపాటి స్పాంజిలో చుట్టి కింద పెట్టేవారు. కదిలే భాగాలే లేని మెమరీ కార్డులు వచ్చాకే ఈ బాధ తీరింది. గోప్రో కంపెనీ పెట్టిన నిక్ వుడ్‌మన్ తన కెమెరాను మొదట సర్ఫింగ్ చేసేవాళ్ళ మణికట్టుకని తయారు చేశాడు. రేసు కారు నడపడం నేర్చుకునే రోజుల్లో దాన్నే కారు రోల్ బార్‌కు కట్టి చూసుకున్నాకే, అది మణికట్టుకే పరిమితం కానక్కరలేదని అతనికి తోచింది.

బిగించే చోటు విషయంలో అనుభవజ్ఞులందరూ ఒక్క మాటే చెబుతారు: రోల్ కేజ్. కారు పల్టీ కొట్టినా డ్రైవర్‌ను కాపాడే ఉక్కు గొట్టాల పంజరమది. కారులో అంతకన్నా గట్టి చోటు లేదు. ఆ గొట్టానికి రెండు ముక్కల అల్యూమినియం క్లాంపు వేసి, బోల్టులు వదులు కాకుండా జిగురు పెట్టి బిగిస్తారు. క్లాంపు నుంచి కెమెరా దాకా ఉన్న చెయ్యి ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. కొబ్బరిచెట్టు మొదట్లో కదలిక కనపడకపోయినా మొవ్వు దగ్గర బారెడు ఊగుతుంది, పొడుగు చెయ్యి మీద పెట్టిన కెమెరా గతీ అదే. కింద మెత్తటి రబ్బరు వేస్తే కుదుపు తగ్గుతుందని కొత్తవాళ్ళు అనుకోవడం సహజం. తేలిక కెమెరాకు అది తరచూ బెడిసికొడుతుంది. ఇంజిన్ వణుకుకు ఆ రబ్బరు తాళం వేయడం మొదలుపెడితే బొమ్మ జెల్లీలా సాగుతుంది. ఈ కెమెరాల్లో ఎక్కువ భాగం ఫ్రేమును ఒక్కసారిగా కాక వరస తరవాత వరసగా చదువుతాయి కాబట్టి వణుకు వంకర గీతలుగా బయటపడుతుంది. అంతకన్నా కెమెరా కింద బరువైన లోహపు పలక వేసి, గట్టిగా బిగించడం మేలు.

ఇక భద్రత. పాతిక గ్రాములైనా, పావు కిలో అయినా, కారు గోడను గుద్దినప్పుడు ఊడిన కెమెరా రాయితో సమానం. అందుకే చాలా పోటీల్లో రబ్బరు కప్పు ఒక్కదాన్నే నమ్ముకోనివ్వరు, క్లాంపుతో పాటు విడిగా ఉక్కు తీగతో కట్టమంటారు. గుద్దుకున్నప్పుడు బెల్టులు సాగి డ్రైవర్ తల ఎంత ముందుకొస్తుందో అంత మేర కెమెరా ఉండకూడదు. బయటికి దిగే దారికీ, మంటలార్పే సిలిండర్ మీటకూ అడ్డు రాకూడదు. హెల్మెట్‌కు తగిలించడం మరీ ప్రమాదం. హెల్మెట్‌ను పరీక్షించింది ఏ అదనపు వస్తువూ లేకుండా. ఆ పరీక్షకు లొంగేలా చేసిన కెమెరా రావడానికి చాలాకాలం పట్టింది. రెండు గ్రాములు కూడా తూగని కెమెరాను హెల్మెట్ లోపలి మెత్తలో, డ్రైవర్ కంటి పక్కన దాచి ఫార్ములా ఇలో వాడారు. ఫార్ములా వన్‌లో 2021లో మొదలై 2023 నాటికి డ్రైవర్లందరికీ వచ్చింది.

బిగింపు గట్టిదైతే ఏం జరుగుతుందో తెలుగువాళ్ళు కూడా ఒకసారి కళ్ళారా చూశారు. సికింద్రాబాద్‌లో పుట్టి, 1993లో ‘ప్రేమ పుస్తకం’తో తెలుగు తెర మీద హీరోగా కనిపించిన అజిత్ కుమార్ రేసు డ్రైవర్ కూడా. 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల పోటీలో అతని జట్టు తన విభాగంలో మూడో స్థానం తెచ్చుకుంది. దానికి ముందు ‘విడాముయర్చి’ షూటింగులో, అజర్‌బైజాన్‌లో, అతను నడుపుతున్న వాహనం అదుపు తప్పి బోల్తా పడింది. పక్కన సహనటుడు ఆరవ్ ఉన్నాడు. 2024 ఏప్రిల్‌లో నిర్మాతలు విడుదల చేసిన వీడియోలో ఆ బోల్తా మొత్తం వాహనానికి బిగించిన కెమెరాలోంచే కనిపిస్తుంది. నేల పైకొచ్చి, ఆకాశం కిందికి పోతుంది గానీ ఇద్దరు మనుషులూ ఫ్రేములోంచి జారిపోరు. ఇద్దరూ పెద్ద గాయాలు లేకుండా బయటపడ్డారు.

కొన్ని టూరింగ్ కారు పోటీల్లో ఇప్పుడు కెమెరా పెట్టుకోవడం డ్రైవర్ ఇష్టానికి వదలడం లేదు. డ్రైవర్ చేతులు, స్టీరింగ్, ముందు అద్దం మూడూ కనిపించేలా ఎక్కడ బిగించాలో కూడా నిర్వాహకులే చెబుతారు. ఎవరు ఎవరిని గుద్దారన్న తగాదా వస్తే స్టీవార్డులు మెమరీ కార్డు అడుగుతారు. కెమెరా ఆన్ చేయలేదన్నా, ఊడిపోయిందన్నా జరిమానా పడే వీలుంది.